పిన్ని కువైట్ నుంచి తెచ్చుకున్న మాటలు

నిన్న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక సభకెళ్లాను. తెలుగు ఖండాలు దాటిందని వక్తలందరూ పొంగిపోయారు. దాటించింది ఎవరో, దానికోసం ఏం పోగొట్టుకున్నారో ఒక్కరూ ఎత్తలేదు. కడుపు మండి రాస్తున్నాను.

పందొమ్మిదో శతాబ్దంలో కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడెక్కిన కూలీలు మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. ఇవాళ అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. ఆ సెలవు మనకు గొప్ప. చదవలేని ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి ఏళ్ల తరబడి చేసిన చాకిరీ మాత్రం మనకు పట్టదు. బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలనే పేరే పడిపోయింది. రంగూన్ రేవులో మూటలు మోసింది వాళ్లే. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ పట్టుకుని నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్ల లెక్క ఇప్పటికీ సరిగ్గా తేలలేదు.

అదంతా పాతకాలం అంటారా? మా పిన్నిది గుంటూరు. 38 ఏళ్లప్పుడు ఇంటిపనికి కువైట్ వెళ్లింది. ఏజెంట్‌కి లక్షా ఇరవై వేలు కట్టింది, చెవి కమ్మలు తాకట్టు పెట్టి. ఇంట్లో నలుగురే అన్నాడు. వెళ్లాక చూస్తే పదకొండు మంది. దిగిన రోజే పాస్‌పోర్ట్ లాక్కున్నారు. ఏజెంట్ ఫోన్ స్విచాఫ్. ఆర్నెల్లలో అరబ్బీ వచ్చేసింది, భయంతో. 'యల్లా' అంటే త్వరగా కానివ్వు. 'బాదేన్' అంటే తర్వాత. జీతం అడిగిన ప్రతిసారీ ఆమె విన్నమాట అదే. నాలుగేళ్ల తర్వాత ఇల్లు చేరింది. ఇప్పటికీ అన్నం ఆలస్యమైతే నోట్లోంచి 'యల్లా' వచ్చేస్తుంది. మనవరాలు 'బాదేన్ బాదేన్' అంటూ గెంతుతుంది. పిన్ని లేచి లోపలికెళ్లిపోతుంది.

చదువుకున్నవాళ్లకి ఈ బాధ లేదనుకోకండి. 2019 జనవరిలో అమెరికాలో అక్కడి అధికారులే వలపన్ని నడిపిన ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీలో చేరి అరెస్టయినవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతమందో!

రూల్స్ లేక కాదు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. పదో తరగతి పాసవని ఆడవాళ్లు 30 నిండకుండా గల్ఫ్‌లో పనికి వెళ్లకూడదు. ఈ రెండు ముక్కలు గుంటూరు బస్టాండ్‌లో పెద్దక్షరాలతో రాసి పెట్టడానికి ఏం అడ్డం? సభలకు వేసే ఫ్లెక్సీల్లో ఒక్కటి చాలదా?

మా ఎదురింటి అమ్మాయికి 26. తొమ్మిదితో చదువాపేసింది. విజిట్ వీసా మీద పంపిస్తానని ఏజెంట్ చెప్పాడట, వాళ్లమ్మ రేపు డబ్బు కడుతుందట. పిన్ని పొద్దుటి నుంచీ వాళ్లింట్లోనే కూర్చుని ఉంది. ఇంకా రాలేదు.