చవితి చందా మెయింటెనెన్స్ బిల్లులో వేస్తే?

ఈసారి మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి చందా 1500 రూపాయలు నేరుగా మెయింటెనెన్స్ బిల్లులోనే కలిపేశారు. మూడో అంతస్తులో ఉండే క్రైస్తవ కుటుంబం "మాకు తీసేయండి" అని అడిగింది, కమిటీ మొహం మాడ్చుకుంది. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం చల్లారిపోయేదాకా మా ఆయనకీ మా తమ్ముడికీ జరిగిన వాదన ఇది. మధ్యలో కుండలీకరణాల్లో ఉన్నది నేను.

తమ్ముడు: బావా, దేవుడి పేరు చెప్పి బిల్లు వేయడం ఏంటి? ఒక మతాన్ని పెంచడానికి పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదని రాజ్యాంగం 27వ అధికరణలోనే ఉంది.

ఆయన: అది ప్రభుత్వం వేసే పన్ను గురించిరా. మన కమిటీ ప్రభుత్వమా?

తమ్ముడు: అంటే ప్రభుత్వం చేయకూడని పని మన సెక్రటరీ చేయొచ్చన్నమాట.

(ఇక్కడ ఆయన మంచినీళ్ళు తాగారు. దాహమై కాదు.)

ఆయన: సరే, బిల్లులో వేయడం తప్పే, ఒప్పుకుంటా. కానీ నువ్వు అక్కడితో ఆగవుగా, మతం ఇంట్లోనే ఉండాలంటావు. 25వ అధికరణ చదువు, నమ్మడమే కాదు, ఆచరించే హక్కు, ప్రచారం చేసుకునే హక్కు కూడా ఉన్నాయి.

తమ్ముడు: ఆ వాక్యం మొదలయ్యేదే శాంతిభద్రతలకీ, నైతికతకీ, ఆరోగ్యానికీ లోబడి అని. అది వదిలేసి చదివితే ఎలా?

ఆయన: నెల్లూరు రొట్టెల పండగకి చిన్నప్పుడు మా అమ్మ నన్ను తీసుకెళ్ళేది. మొహర్రం నెల, బారాషహీద్ దర్గా, పక్కనే స్వర్ణాల చెరువు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అని నీళ్ళల్లో నిలబడి అరుస్తుంటారు, కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, ఇచ్చేవాడిది ఏ మతమో పుచ్చుకునేవాడు అడగడు. మా అమ్మ నా ఉద్యోగం కోసం రొట్టె తీసుకుంది, వచ్చాక మళ్ళీ వెళ్ళి ఇచ్చింది. మతం ఇంట్లోనే తలుపేసుకుని కూర్చుంటే ఆ చెరువు దగ్గర ఎవరుంటారురా?

తమ్ముడు: బాగుంది బావా, నిజంగా. కానీ ఆ రొట్టె ఎవరి మెయింటెనెన్స్ బిల్లులోనూ వేయలేదు కదా. ఇష్టమైనవాళ్ళు నీళ్ళలోకి దిగారు, లేనివాళ్ళు గట్టు మీద ఉన్నారు, గట్టు మీదవాణ్ణి ఎవరూ నిలదీయలేదు. నేనడిగేదీ అదే.

ఆయన: వీధిలోకి వచ్చినా సర్దుకోవచ్చు. 2023లో గణేష్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు పడ్డాయి, సెప్టెంబర్ 28న. హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు మాట్లాడుకుని వాళ్ళ ఊరేగింపుని అక్టోబర్ 1కి మార్చుకున్నారు.

తమ్ముడు: వాళ్ళు తగ్గారు, గొప్పే. రేపు మనం తగ్గాల్సిన రోజొస్తే ఇంత గర్వంగా చెప్తావా?

(దీనికి ఆయన జవాబు చెప్పలేదు. నాకూ వెంటనే తట్టలేదు.)

తమ్ముడు: ఇక మైకు సంగతి. 2000లో చెన్నైలో ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, లౌడ్‌స్పీకర్లు పెట్టి, డప్పులు కొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని. ఆ మాట చర్చికే కాదు, మన మండపానికీ, మసీదుకీ కూడా.

ఆయన: రాత్రి 10 నుంచి 6 దాకా వద్దనేది రూలు, అది నాకూ తెలుసు. పండగలకి ఏడాదికి 15 రోజులు మించకుండా 12 గంటల దాకా అనుమతి ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది.

తమ్ముడు: ఇచ్చారా మనకి? అడిగారా అసలు?

ఆయన: ...అడగలేదు. కానీ మైకు లేకపోతే పిల్లలు రారురా.

తమ్ముడు: పిల్లలు ప్రసాదానికి వస్తారు బావా, మైకుకి కాదు.

ఆయన: మరి మూడో అంతస్తు వాళ్ళకి ప్రసాదం పంపాలా, మానాలా? చందా తీసేశాక పంపితే దెప్పినట్టుంటుంది, మానేస్తే వెలేసినట్టుంటుంది.

తమ్ముడు: పంపు. తిన్నారా లేదా అని మాత్రం అడక్కు.

ఆయన: మనవాళ్ళకి అలా అడక్కుండా ఉండే నిగ్రహం ఎక్కడుందిరా? వాళ్ళు క్రిస్మస్‌కి కేక్ పంపితే మీ అక్క గుమ్మంలోనే గుడ్డు వేశారా అని అడిగింది.

(అడిగాను. ఆ రోజు శనివారం.)