కడుపుతో ఉన్న మనిషికి సీటీ స్కానా?

తొమ్మిదో నెలలో ఆయాసం వస్తే మన ఇళ్లలో ఎవరూ కంగారు పడరు. పొట్ట పైకొచ్చింది కదా, ఊపిరాడదు అంటారు. కాళ్లు వాస్తే నీరు పట్టిందంటారు. చాలాసార్లు అది నిజమే. చిక్కల్లా ఏమిటంటే, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊడి, గుండె మీదుగా వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డం పడినప్పుడూ దాదాపు ఇవే లక్షణాలు. తేడా చూడాల్సింది ఆయాసం ఎలా వచ్చిందన్నది. ఉన్నట్టుండి వచ్చిందా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు పొడుస్తోందా, ఒక కాలే వాచిందా? గర్భిణుల్లో అది ఎక్కువగా ఎడమ కాలే అవుతుంది, ఎందుకంటే ఆ కాలి నుంచి పైకొచ్చే సిరను కుడి కాలికి వెళ్లే ధమని పైనుంచి నొక్కుతూ ఉంటుంది.

గర్భంలో ఈ గడ్డల ముప్పు మామూలు కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ. కాన్పులో రక్తం మరీ పోకుండా శరీరం ముందే చేసుకునే ఏర్పాటుకు ఇది రెండో ముఖం. దీనికి మంచి మందు ఉంది. మన దగ్గర ఆలస్యమయ్యేది మాత్రం భయం వల్లే అని నా అభిప్రాయం.

మొదటి భయం స్కాన్. కడుపులో బిడ్డ ఉండగా సీటీ ఏంటండీ అని ఇంట్లో వాళ్లు అడ్డం పడతారు, ఒక్కోసారి డాక్టరే వెనకాడతారు. ఛాతీ సీటీలో బిడ్డకు చేరే రేడియేషన్ ఒక మిల్లీగ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) లోపే ఉంటుంది, హాని గురించి ఆలోచించాల్సింది 50 మిల్లీగ్రేలు దాటాక. ముందు కాలికి డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్) తీసి, అక్కడే గడ్డ దొరికితే, సీటీ లేకుండానే వైద్యం మొదలుపెట్టొచ్చు. డీ-డైమర్ (గడ్డల జాడ చూసే రక్తపరీక్ష) ఒక్కటే చూసి తేల్చడం మాత్రం కుదరదు, గర్భంలో అది ఎలాగూ పెరుగుతుంది.

రెండో భయం సూది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సూదిమందు మాయ దాటి బిడ్డకు చేరదు. అదే పనికి వాడే వార్ఫరిన్ మాత్ర చేరుతుంది, తొలి నెలల్లో అవయవ లోపాలు తెస్తుంది. కొత్తగా వచ్చిన రివరాక్సబాన్ లాంటి మాత్రలు గర్భంలోనూ వద్దు, పాలిచ్చేటప్పుడూ వద్దు. (విచిత్రంగా, గర్భంలో వద్దన్న వార్ఫరిన్ పాలిచ్చే తల్లికి పనికొస్తుంది.) అందుకే బరువును బట్టి ఎనోక్సపారిన్ (ఇదీ హెపారిన్ రకమే) సూది ఇస్తారు, అనుమానం గట్టిగా ఉంటే స్కాన్ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా. బొడ్డుకు దూరంగా పొట్ట చర్మాన్ని మడతలా పట్టుకుని, సూది నిటారుగా గుచ్చాలి, తీశాక రుద్దకూడదు. అయినా కమిలి నీలం మచ్చలు పడతాయి, అవి చూసి అత్తగారికి టెన్షన్. కాన్పయ్యాక కూడా కనీసం ఆరు వారాలు, మొత్తం మీద మూడు నెలలకు తగ్గకుండా మందు సాగాలి. నొప్పులు మొదలైతే తర్వాతి డోసు వేసుకోకుండా ఆస్పత్రికి ఫోన్ చేయాలి, ఎందుకంటే పూర్తి డోసు మీద ఉన్నవారికి వెన్నులో మత్తు ఇవ్వాలంటే 24 గంటల ఎడం కావాలి.

బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తే కథ వేరు. గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ కూడా పెద్ద అణువే, మాయ దాటదు. భయం రక్తస్రావం గురించి, ముఖ్యంగా సిజేరియన్ పచ్చిగా ఉన్నప్పుడు. అప్పుడు క్యాథెటర్‌తోనో ఆపరేషన్‌తోనో గడ్డ తీయడం, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) పెట్టడం లాంటివి ఆలోచిస్తారు. ఏదైనా తల్లి నిలబడితేనే బిడ్డ.

టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఊపిరాడక, తనకు సీటీ, హెపారిన్ కావాలని తానే అడగాల్సి వచ్చింది. నొప్పి మందులకు తికమకపడుతోందేమో అనుకుందట నర్సు. ముందు కాళ్లకే స్కాన్ చేశారు, ఏమీ కనిపించలేదు, తర్వాత సీటీలో ఊపిరితిత్తుల్లో గడ్డలు దొరికాయి. 2011లోనే ఒకసారి ఈ జబ్బు పడిన మనిషి కాబట్టి ఆమెకు తెలిసింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ ముప్పును పెంచుతుంది, కాన్పు తర్వాతి వారాలు గర్భం కన్నా ప్రమాదం. సరిగ్గా అప్పుడే మనం పచ్చి బాలింతను మంచం దిగనివ్వం, నీళ్లు కూడా కొలిచి ఇస్తాం, గడ్డకు ఆ రెండూ తోడ్పడేవే. డిశ్చార్జి కాగితంలో ఐరన్ మాత్రలుంటాయి, కుట్లు చూపించుకోవాల్సిన తేదీ ఉంటుంది. ఒక కాలు వాస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో కూడా అక్కడే, తెలుగులో, రాసిమ్మని అడగండి.