మహారాజశ్రీ ‘ఎం’ సైజు గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి. మీ క్షేమం గురించి నాకు బెంగేమీ లేదు. కాలేజీ పిల్ల వేసుకున్నా, ఆమె మేనత్త వేసుకున్నా మీ ముఖంలో మార్పుండదు. నా క్షేమమే నిన్న తిరిగొచ్చిన పార్సిళ్ల మీద ఆధారపడి ఉంది. వాటిలో ఒక కుర్తీకి చీటీ గుచ్చి ఉంది: “నేనెప్పుడూ ఎం వేసుకుంటాను. మీది చంకల్లో పట్టేసింది. నెల రోజుల్లో అంత లావయ్యానా?”

ఆవిడ లావు కాలేదండీ. ఆ సంగతి మీకూ నాకూ తెలుసు. చెప్పుకోలేని చోట ఇరుక్కున్నాం, అంతే.

మీరు పుట్టింది అమీర్‌పేటలో, ఒక మూడో అంతస్తులో, శుక్రవారం సాయంత్రం. మా యజమాని నన్ను పిలిచి, “సోమవారం గుడ్డ కటింగ్‌కు పోతుంది, సైజు చార్టు కావాలి” అన్నారు. ఆడవాళ్ల కొలతలు ఎక్కడి నుంచి తేవాలని అడిగాను. ఆయన నా వంక జాలిగా చూసి, ఒక పెద్ద కంపెనీ చార్టు తెరిచి చూపించారు. “చెస్ట్‌కు అర అంగుళం కలపండి. మనదైపోతుంది.” ఆ అర అంగుళమే మీ ఇంటిపేరు.

మీ జాతిలో కష్టపడి పుట్టినవాళ్లు లేకపోలేదు. 1939-40లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15,000 మంది స్త్రీలను నిలబెట్టి, ఒక్కొక్కరికి 50కి పైగా కొలతలు తీసింది. (వ్యవసాయ శాఖకు ఈ పనేమిటని అడగకండి. పండించిన పత్తి ఎవరి ఒంటి మీదికి చేరుతోందో చూసి రావాలనిపించిందేమో.) అంత శ్రమా పడి, చివరికి తెల్లజాతి స్త్రీల కొలతలనే లెక్కలోకి తీసుకున్నారు. వాటి మీద నిలబెట్టిన ప్రమాణం 1958లో వచ్చింది, 1983లో రద్దయింది. మన దేశంలోనూ ఫ్యాషన్ చదువులు చెప్పే జాతీయ సంస్థ నిఫ్ట్ వారు ‘ఇండియా సైజు’ పేరుతో సర్వే తలపెట్టారు. 15 నుంచి 65 ఏళ్ల వయసున్న 25,000 మందిని, ఒంటి మీద టేపు పెట్టకుండా స్కానర్లతో కొలవాలని సంకల్పం. ఎంచుకున్న 6 నగరాల్లో మన హైదరాబాదు ఒకటి. ఈ మాట యజమాని చెవిన వేశాను. “వాళ్లకు దసరా సేల్ ఉందా?” అన్నారు.

అలా 25,000 మందికి బదులు ఒక్కరు వచ్చారు. యజమాని మరదలు. అయిదడుగుల ఏడంగుళాల మనిషి. ట్రయల్ ఉందని పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. కుర్తీ వేసుకుని నిటారుగా నిలబడితే అద్దినట్టు ఉంది. కూర్చోమన్నాను. కూర్చోగానే తుంటి దగ్గర బిగిసింది. “ఫొటోలో నిలబడే కదా ఉంటారు” అన్నారు యజమాని. స్కూటీ ఎక్కేవాళ్లు, మెట్రోలో సీటు దొరికినవాళ్లు, బంతిభోజనానికి కింద కూర్చునేవాళ్లు ఆ క్షణంలో మా ఖాతాదారుల జాబితా నుంచి రాలిపోయారు.

ఇక మీ సంతానం సంగతి. మీ నుంచి ఎస్‌నూ ఎల్‌నూ డబుల్ ఎక్సెల్‌నూ తీయడాన్ని మా భాషలో గ్రేడింగ్ అంటారు. మనిషి ఒళ్లు చేస్తే చెస్టూ నడుమూ పెరుగుతాయి గానీ భుజం ఎముక ఆ లెక్కన సాగదు కదా! చెస్ట్‌కు రెండంగుళాలు కలిపిన చోట భుజానికి అర అంగుళం చాలునని మా కటింగ్ మాస్టర్ నెత్తీ నోరూ కొట్టుకున్నారు. ఎవరు వింటారు? మిమ్మల్ని జిరాక్సులో పెద్దది చేసినట్టు చేశాం. మా డబుల్ ఎక్సెల్ వేసుకున్నావిడ భుజం కుట్టు మోచేతి దారి పట్టింది.

టాలరెన్స్ ముచ్చట మాత్రం చరిత్రలో నిలవాలి. కుట్టేటప్పుడు కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఎంత తేడాను క్షమించాలో స్పెక్ షీటులోనే, అంటే కుట్టాల్సిన కొలతలన్నీ ఉండే కాగితంలోనే, రాస్తాం. మా యజమాని ఉదారంగా “అర అంగుళం” అన్నారు. బట్టను బల్ల మీద పరిచి ఒక చంక నుంచి రెండో చంక దాకా కొలుస్తాం కదా, మీకు 19 అంగుళాలు, మీ అన్నగారు ఎల్‌కు 20. మీరు అర అంగుళం పెరిగితే 19.5. ఆయన అర అంగుళం తగ్గితే 19.5. ఇద్దరూ పాస్! మెడ దగ్గర లేబుల్ కత్తిరిస్తే మీలో ఎవరు ఎవరో కన్నతల్లి కూడా పోల్చలేదు. ఆ లేబుల్ చూసుకునే కదా, ఒకావిడ సంతోషంగా ఇంటికి వెళ్లేది, ఇంకొకావిడ రాత్రి చపాతీలు మానేసేది.

చార్టులో మీ చెస్ట్‌కు ‘38’ అని వేశామే, అది ఒంటి కొలతా బట్ట కొలతా అని ఒక్కరూ అడగలేదు. అడగనందుకు వాళ్లకు రుణపడి ఉన్నాను. ఒంటికీ బట్టకూ మధ్య వదలవలసిన లూజు ఎంతో మేమెక్కడా రాయలేదు. పోచంపల్లి నూలు మొదటి ఉతుకులో నూటికి మూడు పాళ్లు ముడుచుకుంటే 46 అంగుళాల పొడవులో సుమారు ఒకటిన్నర అంగుళం పోతుందనీ రాయలేదు.

మీ మీద కోపం లేదు. మీకంటే ముందు మా ఇంట్లో ఒక స్పెక్ షీటు ఉండేది. దాన్ని ఆది జాకెట్టు అనేవాళ్లం. బీరువాలో పాత చీరల కింద, వెలిసిపోయి, హుక్కు ఊడి ఉండేది. అందులో ఉన్నది ఒకే ఒక మనిషి.

ఇట్లు,
మీ జనన ధ్రువపత్రం రాసిన గుమాస్తా

తా.క.: మా ఎం కుర్తీ ఒకటి అమ్మకు ఇచ్చాను. పక్కలు పట్టేశాయని, ఆవిడ దానికి ఆది జతచేసి వీధి చివర టైలరుకు పంపింది. ఆయన తిరగేసి చూసి, “వదులు చేద్దామంటే లోపల గుడ్డే వదల్లేదు, ఎవరు కుట్టారమ్మా ఇది?” అన్నాడట. అమ్మ నా పేరు చెప్పలేదు.