చాకిరీకి అత్యవసరం, జీతానికి స్వచ్ఛందం

పార్లమెంటులో అంగన్‌వాడీల జీతం మీద ఏ పార్టీ సభ్యుడు ప్రశ్న వేసినా కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ దగ్గర ఒకటే జవాబు సిద్ధంగా ఉంటుంది. వాళ్లు స్థానికంగా సేవ చేయడానికి ముందుకొచ్చిన గౌరవ కార్యకర్తలు, చేసేది పాక్షిక సమయం పని, కాబట్టి ఇచ్చేది జీతం కాదు అని. మంత్రులు మారినా ఆ వాక్యం మారలేదు. తేదీ మార్చి అదే కాగితాన్ని సభ ముందు పెడుతున్న శాఖకు మొహమాటమైనా లేకపోవడం ఒక ఎత్తు, దాన్ని అందుకుని కూర్చుండిపోతున్న మన ఎంపీల తీరు మరో ఎత్తు.

ఇదే ‘స్వచ్ఛంద’ కార్యకర్తలు 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో సమ్మెకు దిగారు. నెల తిరగకముందే, 2024 జనవరి 6న, అప్పటి ప్రభుత్వం వారిపై ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. అంగన్‌వాడీ సేవలు అత్యవసర సర్వీసులట, ఆరు నెలల పాటు సమ్మె నిషిద్ధమట! కేంద్రాల తాళాలు పగలగొట్టించి గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందిని కూర్చోబెట్టారు. విధుల నుంచి తొలగిస్తామని నోటీసులిచ్చారు. 42 రోజుల తర్వాత హామీలతో సమ్మె ముగిసింది. ఆ కథ పాఠకులకు తెలిసిందే. మేం అడిగేది ఒక్కటే. తనంతట తాను సేవకు వచ్చిన మనిషి రేపటి నుంచి రానంటే శిక్షించడానికి చట్టం ఎక్కడిది? ఉద్యోగే కానప్పుడు తొలగింపు నోటీసు దేనికి? జీతం అడిగిన రోజున ఆమె ఉద్యోగి కాదు, పని మానేస్తానన్న రోజున మాత్రం అత్యవసర ఉద్యోగి. ఇంత పచ్చి కపటాన్ని ఒక ప్రైవేటు యజమాని చూపిస్తే కార్మిక శాఖ కేసు పెట్టి ఉండేది.

దేశంలో 13 లక్షలకు పైగా కేంద్రాలున్నాయని, తలా వెయ్యి పెంచినా ఏటా వేల కోట్లవుతుందని ఎవరైనా అనొచ్చు. లెక్క తప్పు కాదు. అయితే డబ్బు లేదని చెప్పడం వేరు, చేసింది ఉద్యోగమే కాదని దబాయించడం వేరు. ప్రభుత్వాలు మొదటి మాట చెప్పలేక రెండో మాట వెనుక దాక్కుంటున్నాయి.

అంకెలు చూడండి. 2018 సెప్టెంబరులో ప్రధాని అంగన్‌వాడీ కార్యకర్త భృతిని 3,000 నుంచి 4,500 రూపాయలకు, సహాయకురాలి భృతిని 1,500 నుంచి 2,250కి పెంచుతున్నట్టు ప్రకటించారు. ఆ అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. తర్వాత ఏడేళ్లు గడిచినా అది ఒక్క రూపాయి కదలలేదు. ఆ 4,500లోనూ మన రాష్ట్రాల విషయంలో కేంద్రం భరించేది 60 శాతం, అంటే 2,700 రూపాయలు. మిగతా వాటా, దాని మీద అదనం అంతా రాష్ట్రం దయ. రాష్ట్రం దయ అంటే ఎన్నికల దయ.

తెలుగు రాష్ట్రాల్లో ఈ జీతం ఎలా నిర్ణయమవుతుందో గుర్తు చేసుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తెలంగాణ కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తామని 2019 ఎన్నికల ముందు జగన్ మాట ఇచ్చారు. అక్కడ 10,500 ఉంది కాబట్టి ఇక్కడ 11,500 అయింది. 2021లో తెలంగాణ 13,650కి పెంచింది. వెయ్యి ఎక్కువ మాట అక్కడితో ఆగిపోయింది. సమ్మె చేసిన మహిళలు మొదట అడిగింది ఆ మాట నిలబెట్టుకోమనే. తెలంగాణలో 2023 ఎన్నికలకు కాంగ్రెస్ మ్యానిఫెస్టో 18,000 అంది. ఈ అంకెల్లో ఏ ఒక్కటైనా ఒక కుటుంబం బతకడానికి ఎంత కావాలో, ఆ పనికి ఎంత నైపుణ్యం కావాలో లెక్క కట్టి తేల్చింది కాదు. పక్క రాష్ట్రం ఎంత ఇస్తోంది, పోలింగు ఎప్పుడు, దీక్షా శిబిరం ఎంత పెద్దది, ఇవే కొలతలు.

ఆయాల, అంటే సహాయకురాళ్ల, సంగతి ఇంకా ఘోరం. సమ్మె జరిగిన ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఆయాకు నెలకు 7,000 రూపాయలు. 26 పని దినాలకు పంచితే రోజుకు 269. అదే ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 272. మట్టి తవ్వే కూలీకి చట్టం రాసిపెట్టిన కనీసం, పిల్లల ముక్కు తుడిచి అన్నం వండిపెట్టే మనిషికి లేదు.

అసలు కొసమెరుపు పథకాల దగ్గర ఉంది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో నెలకు పది వేల ఆదాయం దాటితే సంక్షేమ పథకాలకు అనర్హులన్నారు. 11,500 తీసుకునే కార్యకర్త ఆ గీత దాటేసింది! వేతన సవరణ అడిగితే నువ్వు ఉద్యోగివి కావంటారు. పిల్లాడి చదువుకు సాయం అడిగితే నీకు జీతం వస్తోంది కదా అంటారు. ఒకే మహిళ, ఒకే సంతకం, ప్రభుత్వానికి లాభం ఎటుంటే ఆమె హోదా అటు.

ఈ నాటకానికి ఇన్నాళ్లూ 2006 నాటి సుప్రీంకోర్టు తీర్పు అండగా ఉంది. అంగన్‌వాడీలవి సివిల్ పోస్టులు, అంటే ప్రభుత్వ ఉద్యోగాలు, కావని అమీర్బీ కేసులో చెప్పిన మాటను ప్రభుత్వాలు పట్టుకుని వేలాడుతున్నాయి. కానీ 2022 ఏప్రిల్ 25న అదే న్యాయస్థానం వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తేల్చింది. ఇన్ని బాధ్యతలు మోస్తున్నవారిది పార్ట్‌టైమ్ పని అంటే నమ్మడం సాధ్యం కాదని, వారికి ఇచ్చేది ఆ చట్టం ప్రకారం వేతనమేనని చెప్పింది. వారి పని పరిస్థితులను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు తీవ్రంగా ఆలోచించాల్సిన సమయం వచ్చిందనీ అంది. 2013లో భారత కార్మిక సదస్సు, అంగన్‌వాడీల వంటి స్కీం వర్కర్లను (ప్రభుత్వ పథకాల్లో పనిచేసేవారిని) కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని సిఫార్సు చేసింది. 2025లో గుజరాత్ హైకోర్టు కార్యకర్తకు నెలకు కనీసం 24,800 ఇవ్వాలని ఆదేశించింది. సుప్రీంకోర్టు తోసిపుచ్చిన ‘పార్ట్‌టైమ్’ వాదననే పార్లమెంటుకు జవాబుగా పంపించే ధైర్యం శాఖకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ పార్ట్‌టైమ్ పనిలో ఏముందంటే: మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, అక్షరాలు. గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం. గుడ్లు, పాల లెక్క. బరువులు, ఎత్తులు. టీకాల రోజున ఇల్లిల్లూ తిరగడం. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్, ఇప్పుడు అందులో లబ్ధిదారుల ముఖం ఫొటో తీసి సరిచూడటం. సిగ్నల్ లేకపోతే తప్పు ఆమెదే. ఇవన్నీ చాలవని చాలాచోట్ల ఓటర్ల జాబితా పనికి బీఎల్ఓ (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) బాధ్యతా ఆమె నెత్తినే. 2020 జాతీయ విద్యా విధానం వీరికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సో, ఏడాది డిప్లొమానో చేయించి పూర్వ ప్రాథమిక విద్య అప్పగించమంది. బాధ్యతలు ఇంత వివరంగా రాసిన చేతులకు జీతం పేరా రాసే ఓపిక లేకపోయింది.

ఈ పనికి ఆడవాళ్లనే తీసుకుంటారు, ఊరు దాటి వేరేచోట ఈ పని వెతుక్కునే వీలు వారికి లేదు. పిల్లలను చూసుకోవడం వారికి పుట్టుకతో వచ్చిందేగా, దానికి జీతమెందుకు అన్న ఆలోచన సచివాలయాల్లో పైకి చెప్పరు, ఫైళ్లలో మాత్రం కనిపిస్తుంది. ప్రమాదం అంగన్‌వాడీతో ఆగదు. 2017 ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి చేసింది, అందులో పిల్లలను ఎత్తుకునే మనిషికి ఎంత ఇవ్వాలో చెప్పలేదు. ప్రభుత్వమే ఇంత ఇస్తుంటే మమ్మల్ని అడుగుతారా అని ప్లే స్కూలు యజమాని అంటే ఏ అధికారి కాదనగలడు?

దారి లేక కాదు. తమిళనాడులో అంగన్‌వాడీలకు ప్రత్యేక కాలమాన వేతన స్కేలు ఉంది, ఏటా ఇంక్రిమెంటు ఉంది. అది గొప్ప జీతమని మేం అనం, కనీసం దానికి ఒక నియమం ఉంది, ఎవరి ఎన్నికల సభ మీదా ఆధారపడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ పని రేపే మొదలుపెట్టవచ్చు. కేంద్రం 4,500 అంకెను మార్చి, ధరలతో పాటు పెరిగేలా చేయాలి. అది కుదరదంటారా, అయితే ఎస్మా జాబితా నుంచి, బీఎల్ఓ డ్యూటీ నుంచి, తొలగింపు నోటీసుల నుంచి వారిని విడిచిపెట్టి, నిజంగానే స్వచ్ఛంద సేవకులుగా చూడండి. రెండింట్లో ఏదో ఒకటి రాతపూర్వకంగా చెప్పేదాకా పోషణ మాసం పేరుతో అంగన్‌వాడీ పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగే పని మంత్రులు మానుకోవాలి.