అసలు బొమ్మ ఎక్కడమ్మా?

చేతిపనుల ప్రదర్శనలో ఏం జరిగిందో ఇతరుల నోట రంగులద్దుకుని బయటికి రాకముందే నేనే రాసేయడం మేలనిపించింది. దరఖాస్తులో "చేతితో చేసినదేనా?" అన్న ప్రశ్నకు అవును, కాదు అని రెండే గడులున్నాయి. డిజిటల్ కలాన్ని కాలితో పట్టే విద్య నాకింకా అబ్బలేదు కనుక "అవును" దగ్గర టిక్కు పెట్టి, కంప్యూటర్లో గీసిన మర్రిచెట్టు బొమ్మను ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి తగిలించాను.

న్యాయనిర్ణేత గారు నా మర్రిచెట్టు ముందు ఆగి, ఊడల దగ్గర గీత కాస్త వణికిన చోటును చూపిస్తూ, "ఇదీ మనిషి చేతిలోని ఊపిరంటే! ఏ యంత్రానికి వస్తుందిది?" అని చుట్టూ ఉన్నవారికి వివరించారు. ఆ వణుకు బ్రష్షు సెట్టింగుల్లో నేను 30 శాతం దగ్గర నిలిపిన ఒక స్లైడరు చలవ. ఆవిడ అంతటితో వెళ్లిపోతే బాగుండేది గానీ, ఏ రంగులు వాడారని అడిగారు. చెప్పాను. ఊపిరి అక్కడికక్కడే ఆగిపోయింది.

"అయితే ఇది నకలన్నమాట. మరి అసలు బొమ్మ ఎక్కడమ్మా?"

ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. "అది కంప్యూటరు కదా, నేను బొమ్మ అడుగుతున్నాను" అన్నారు. ఆవిడ ల్యాప్‌టాప్‌ను కొంచెం పైకెత్తి అడుగున కూడా చూశారంటే అతిశయోక్తి అనుకుంటారు గానీ, నిజంగానే చూశారు. నాకు పౌరుషం వచ్చింది. జాకార్డ్ మగ్గంలో ఏ పడుగు దారం లేవాలో చిల్లుల అట్టలు నిర్ణయించినా, నేసేది మనిషే అయితే దాన్ని చేనేత అనే అంటున్నాం కదా అన్నాను. అపోలో నౌకలను చంద్రుడి దాకా నడిపిన కంప్యూటరు ప్రోగ్రాములను ఆడవాళ్లు తీగలతో చేత్తోనే అల్లారనీ, అయస్కాంత వలయం గుండా తీగ వెళితే ఒకటి, పక్కనుంచి వెళితే సున్నా అనీ వివరించాను. ఊడల ఒంపులకు ఆధారం 1960లలో పియర్ బెజియే అనే ఇంజనీరు కార్ల రూపకల్పనలో వాడిన వక్రరేఖలే అయినా, వాటి కొసలను పట్టుకుని ఒక్కొక్కటిగా వంచింది నేనేనని మొరపెట్టుకున్నాను. ఇంతా విని ఆవిడ, "తప్పు గీస్తే చెరిపేయొచ్చటగా?" అన్నారు. అసలు తంటా అక్కడే ఉంది: కుట్టుపనిలో విప్పి కుట్టిన చోట గుడ్డ మీద జాడ మిగిలి శ్రమకు సాక్ష్యం చెబుతుంది, నేను అర్ధరాత్రి దాకా గీసి చెరిపిన కొమ్మలకు మాత్రం సాక్షులెవరూ లేరు.

ఇంతలో ల్యాప్‌టాప్ సంచీలోంచి ఒక పాత రసీదు జారి కింద పడింది. దాని వెనక, మొరాయించిన బాల్‌పెన్ను రాస్తుందో లేదో చూడటానికి నేను గిరగిరా చుట్టిన సున్నాలున్నాయి. ఆవిడ దాన్ని రెండు చేతులతో అందుకుని, "ఇదిగో, తొలి చిత్తు!" అన్నారు. కాదని చెప్పబోయేలోగా నిర్వాహకులు నా ఫ్రేము విప్పారు. రసీదు మరీ పలచగా ఉండి నిలవడం లేదని నా మర్రిచెట్టును వెనక్కి తిప్పి, దానికి అట్టగా దన్ను పెట్టి, మళ్లీ గోడకు తగిలించారు.

ఆ సున్నాలకు ప్రోత్సాహక బహుమతి వచ్చింది. చేతిరాతలా కనిపించే ఫాంటులో ముద్రించిన ప్రశంసాపత్రంలో నా పేరుకు ఒక దీర్ఘం తప్పిపోయింది. పెన్ను తీసి ఆ దీర్ఘం పెట్టబోతుంటే బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నంత పని చేసి, "చేత్తో దిద్దితే చెల్లదండీ, కంప్యూటర్లో మార్చి మళ్లీ ప్రింటు తీయాలి" అన్నాడు. ప్రింటరేమో రిపేరుకు వెళ్లిందట.