ముందు నాన్నని కూర్చోబెట్టండి

ఏటా జూన్ 26, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం వచ్చిందంటే ఆర్కే బీచ్ రోడ్డులో ఏం జరుగుతుందో వైజాగ్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. యూనిఫాంలో పిల్లలు, చేతుల్లో ప్లకార్డులు, ఉక్కపోతలో కుడిచెయ్యి ముందుకి చాచి ఒక ప్రతిజ్ఞ, మైకు పట్టుకున్న పెద్దమనిషి ‘డ్రగ్స్‌కి’ అనగానే పిల్లలంతా ‘నో’ అని అరవడం, మర్నాడు పేపర్లో ఫొటో. ఈసారి ఆ ఫొటోని కాస్త పరీక్షగా చూడండి. పిల్లలుంటారు, టీచర్లుంటారు, పోలీసులుంటారు, కార్పొరేటర్ కూడా ఉంటాడు. ఆ పిల్లల అమ్మానాన్నలు మాత్రం కలికానికి కూడా కనపడరు. నా పేచీ అంతా అక్కడే.

ఏజెన్సీ గంజాయి కథ, 2021లో ఆపరేషన్ పరివర్తన అంటూ తోటలు నరికించడం, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు ఒకేసారి తగలబెట్టడం, 2024 చివర్లో డ్రగ్స్‌ని అరికట్టడానికి ఈగల్ అనే పోలీసు వింగ్ పెట్టడం, ఫిర్యాదులకి 1972 నంబరు... ఇవన్నీ మీరు ఫాలో అవుతున్నవే, మళ్ళీ మొదలుపెట్టను. సరుకుని పట్టుకోవాల్సిందే. కానీ చింతపల్లి నుంచి ఒక్క ప్యాకెట్ కూడా ఘాట్ దిగకుండా ఆపేశామనే అనుకుందాం, వీధి చివర వైన్ షాపు ఎక్కడికి పోతుంది? 2024 మద్యం పాలసీలో క్వార్టర్ 99 రూపాయలకే తెచ్చారు. కేంద్రం కోసం ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. అందులో 10–17 ఏళ్ళ పిల్లల్లో గంజాయి వాడేవాళ్ళు 0.9 శాతం ఉంటే మందు తాగేవాళ్ళు 1.3 శాతం. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చేవాళ్ళు 1.17 శాతం. పెద్దవాళ్ళలో కంటే పిల్లల్లో ఎక్కువ కనపడ్డ మత్తు ఈ పీల్చే రకం ఒక్కటే. వైట్‌నర్ స్టేషనరీ షాపులో దొరుకుతుంది, సొల్యూషన్ పంక్చర్ కొట్టులో దొరుకుతుంది. ఏ చెక్‌పోస్టు ఆపుతుంది దీన్ని?

ఆపగలిగేది ఇల్లే. ‘కుటుంబం ముఖ్యం’ అని మన ఉపన్యాసాల్లో ఎలాగూ చెప్తూనే ఉంటారు, నేననేది అది కాదు. ఇంటికి కూడా ట్రైనింగ్ ఉంటుంది, ఉండాలి, అది పిల్లాడికంటే ముందు పెద్దాళ్ళకి ఇవ్వాలి. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగం మాదకద్రవ్యాల నివారణకి అంతర్జాతీయ ప్రమాణాలని 2013లో పుస్తకం వేసి, 2018లో దాన్ని సవరించింది. బడుల్లో ఏవి పని చెయ్యవో అందులో ఒక జాబితా ఉంది. ఊరికే లెక్చర్లివ్వడం, భయపెట్టడం, ఒకప్పుడు వాడి మానేసినవాళ్ళని తెచ్చి అనుభవాలు చెప్పించడం, పాఠాలు పోలీసులతో చెప్పించడం. మన అవగాహన సదస్సు ఆహ్వానపత్రిక చూసి రాశారా అనిపిస్తుంది. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో డేర్ అనే కార్యక్రమం మొదలైంది, పోలీసులే క్లాసుకొచ్చి పాఠం చెప్పేవారు, దేశమంతా పాకింది, బోలెడంత డబ్బు పోశారు. ఏళ్ళ తర్వాత లెక్కలు తీస్తే ఆ పాఠం విన్న పిల్లలకీ విననివాళ్ళకీ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మనం ఆ పాత సరుకునే ఫ్లెక్సీ మార్చి వాడుతున్నాం.

అదే పుస్తకం గట్టిగా సిఫార్సు చేసిన వాటిలో తల్లిదండ్రుల నైపుణ్యాల కార్యక్రమాలున్నాయి. ఇవెలా ఉంటాయో చాలామందికి ఊహకి కూడా అందదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. అమెరికాలోనే ఐయోవా రాష్ట్రంలో 1990లలో 10–14 ఏళ్ళ పిల్లలున్న ఇళ్ళ కోసం ‘స్ట్రెంగ్తెనింగ్ ఫ్యామిలీస్’ అనే ప్రోగ్రాం తయారైంది. వారానికి ఒక సాయంత్రం, రెండు గంటలు, మొత్తం ఏడు వారాలు. మొదటి గంట పిల్లలు ఒక గదిలో, పెద్దాళ్ళు ఇంకో గదిలో. రెండో గంట అందరూ కలిసి. పెద్దాళ్ళ గదిలో హెరాయిన్ రంగెలా ఉంటుందో చెప్పరు. అరవకుండా ఒక నియమం ఎలా పెట్టాలి, పిల్లాడు దాన్ని తప్పితే ఏం చెయ్యాలి (చెయ్యి చేసుకోకుండా, అలాగని వదిలెయ్యకుండా), నాకు కోపమొచ్చింది అన్న సంగతి ‘నువ్వో వెధవ్వి’ అనకుండా ఎలా చెప్పాలి, ఇవి చేయించి చూపిస్తారు. పిల్లల గదిలో, ఫ్రెండు ‘ఒక్కసారేరా, ఏం కాదు’ అన్నప్పుడు పరువు పోకుండా ఎలా తప్పుకోవాలో ప్రాక్టీసు చేయిస్తారు. అమ్మానాన్నలకి కూడా టెన్షన్లుంటాయని చెప్తారు. ఇక మిగతా పని ఆ కలిసి కూర్చునే గంటలో జరుగుతుంది, అక్కడ పిల్లాడు మాట్లాడుతుంటే నాన్న మధ్యలో అందుకోకూడదు. మనవైపు ఎంతమంది నాన్నలు ఆ పరీక్ష పాసవుతారో మీరే చెప్పండి. అక్కడి పల్లె ప్రాంతాల్లో 33 బడుల ఆరో తరగతి పిల్లలతో దీన్ని పరీక్షించారు. ఆ పిల్లలు పదో తరగతికొచ్చాక చూస్తే, ఈ ఇళ్ళ పిల్లల్లో మందు మొదలుపెట్టినవాళ్ళు తక్కువ.

నన్ను అన్నిటికంటే కుదిపేసింది మాత్రం ఇంకోటి. హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అని ఇద్దరు పరిశోధకులు స్వీడన్‌లో 14 ఏళ్ళ పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ పెట్టుకుని 2000లో ఒక పేపర్ వేశారు. అంతకుముందు దాకా అందరూ నమ్మిన మాట ఏంటంటే, పిల్లలు ఎక్కడున్నారో ఎవరితో ఉన్నారో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు తక్కువ చెడిపోతారు కాబట్టి నిఘా పెట్టండి అని. వీళ్ళు ఒక చిన్న ప్రశ్న వేశారు. ఆ తల్లిదండ్రులకి అసలు ఆ సంగతులు ఎలా తెలిశాయి? తేలిందేంటంటే, ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పినవే. అడిగి, ఆరా తీసి, కాపలా కాసి రాబట్టినవి కావు. అంటే పిల్లాణ్ణి కాపాడింది నిఘా కాదు, ఇంటికొచ్చి చెప్పుకోగల చోటు.

ఇప్పుడు మన ఇళ్ళు చూడండి. కంచరపాలెంలోనో గాజువాకలోనో ఎనిమిదో తరగతి గుంటడు. నాన్న బి షిఫ్ట్ దిగి పదిన్నరకి వస్తాడు, ఆ పాటికి వాడు పడుకుంటాడు, లేదా పడుకున్నట్టు ఉంటాడు. అమ్మ ఫోన్ లాక్కుని మెసేజిలు చూస్తుంది, వాడు రెండో రోజుకి డిలీట్ చెయ్యడం నేర్చుకుంటాడు. గుమ్మంలోనే నోరు వాసన చూసే ఇల్లొకటి, బ్యాగు తిరగేసే ఇల్లొకటి, ‘మావోడు అలాంటోడు కాదండీ’ అని అసలేమీ చూడని ఇల్లొకటి. ఈ మూడు ఇళ్ళలోనూ ఆ పిల్లాడు నోరు విప్పి ‘నాన్నా, ఇవాళ గ్రౌండులో పెద్ద బ్యాచ్ వాళ్ళు నాకు ఇవ్వబోయారు’ అని చెప్పే అవకాశం సున్నా. చెప్తే ఏమవుతుందో వాడికి తెలుసు. ముందు చెంప పగులుతుంది, తర్వాత గ్రౌండ్ బంద్, ఆపైన మేనమామ దాకా ఫోన్లు. వాడు చెప్పకపోవడం తెలివైన పనే. ఆ తెలివి వాడికి నేర్పింది మనమే.

నాన్నల సంగతికే వస్తాను, ఎందుకంటే పేరెంట్స్ ప్రోగ్రాం అని ఎవరైనా పెడితే కుర్చీల్లో కనపడేది అమ్మలే. పిల్లాడు దారి తప్పితే ‘తల్లి గారాబం’ అని అనేదీ ఆవిణ్ణే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడింది ఆడవాళ్ళు, 1993లో సారా నిషేధం వచ్చిందంటే వాళ్ళ వల్లే, 1995లో మొత్తం మద్యనిషేధం కూడా, రెండేళ్ళకి దాన్ని ఎత్తేసింది మాత్రం వాళ్ళు కాదు. వాళ్ళ వంతు వాళ్ళు చేశారు. ఆదివారం మధ్యాహ్నం హాల్లో గ్లాసు ముందు పెట్టుకుని, ఏడో తరగతి కొడుకుని ‘ఒరేయ్, సోడా ఒకటి, మంచింగ్‌కి ఏమన్నా పట్రా’ అని పంపేది నాన్న. అదే వాడికి మొదటి అవగాహన సదస్సు. చుట్టాలొస్తే సరదాకి ‘ఒక్క సిప్పు’ కూడా ఉంటుంది. బయట ఎవడి దగ్గరో నేర్చుకునే బదులు ఇంట్లోనే మన కళ్ళముందు రుచి చూస్తే మంచిదనే ఒక చదువుకున్న వాదన కూడా ఈమధ్య ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే అపార్టుమెంట్లలో వినపడుతోంది. ఆస్ట్రేలియాలో దాదాపు 1,900 మంది పిల్లల్ని ఆరేళ్ళు గమనించి 2018లో ఫలితాలు వేశారు. అమ్మానాన్నలు ఇవ్వడం వల్ల రక్షణ ఏమీ రాలేదు, ఇంట్లో పోయించుకున్నవాళ్ళకి బయట కూడా దొరకడం పెరిగింది. అన్నట్టు, జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకి మందు ఇస్తే ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 78 ప్రకారం పిల్లలతో సీసా మోయించినా అంతే. సోడా వరకు ఫర్వాలేదు లెండి, సీసా తెమ్మన్న నాన్నలు మాత్రం ఒకసారి ఆలోచించుకోవాలి.

సరే, ఎదుటివాళ్ళ మాట. ఇవేవీ పని చెయ్యవని చెప్పడానికి వాళ్ళ దగ్గర గట్టి కాగితమే ఉంది. వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2019 సమీక్ష 46 అధ్యయనాల్ని, దాదాపు 40 వేల మందిని కలిపి చూసి, కుటుంబ కార్యక్రమాల వల్ల పిల్లల తాగుడు తగ్గుతుందనడానికి స్పష్టమైన ఆధారం లేదంది. ఐయోవాలో గెలిచిన ప్రోగ్రామే పోలండ్‌కీ జర్మనీకీ వెళ్తే అక్కడ తేలిపోయింది. ఒప్పుకుంటాను. కానీ దీన్నిబట్టి ‘అయితే ర్యాలీలే మేలు’ అనేవాళ్ళకి ర్యాలీల తరఫున ఒక్క అధ్యయనమైనా చూపించమనండి. నాకు ఈ ఫలితాల్లో అర్థమైంది వేరే. వారానికి రెండు గంటలు నేర్పిన విద్య మిగతా 166 గంటల్లో వాడుకోవడానికి చోటు లేకపోతే ఆ విద్య ఏం చేస్తుంది?

అసలు మన దగ్గర ఆ మిగతా గంటలు ఎవరి చేతిలో ఉన్నాయి? పదేళ్ళు దాటిన పిల్లాడికి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. పొద్దున్న ఏడింటికి బస్సు, సాయంత్రం స్టడీ అవర్, ఇంటికి చేరేసరికి ఎనిమిది. పదో తరగతి అవగానే హాస్టల్. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పదిహేనేళ్ళ పిల్లల్ని తెచ్చి మధురవాడలోనో ఇంకెక్కడో కాలేజీ బిల్డింగుల్లో దింపి, అప్పు చేసి ఫీజు కట్టి, నెలకో ఔటింగ్‌కి అమ్మానాన్నలు ఒక డబ్బా పచ్చడితో వస్తారు. రెండు గంటలు గేటు దగ్గర మాట్లాడుకుంటారు. అందులో గంటన్నర ర్యాంకు గురించే. ఆ రెండేళ్ళూ ముగిసి ఇంజినీరింగుకొచ్చి పీఎం పాలెంలో నలుగురు కలిసి రూము తీసుకున్న రోజున, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడి సాయంత్రం వాడి చేతికొస్తుంది. దాంతో ఏం చేసుకోవాలో వాడికి ఎవరూ నేర్పలేదు. ఆ ఖాళీలోకి ఎవరొస్తారో మన పోలీసులకి బాగా తెలుసు, వాళ్ళు పట్టుకుంటున్నది ఆ రూముల్లోనే. రూములో దొరికినవాణ్ణి చూసి ‘నగరం చెడగొట్టింది’ అంటాం. నగరం కంటే ముందు టైంటేబుల్ ఉంది.

ఐస్‌లాండ్ ఈ టైంటేబుల్ని పట్టుకునే గెలిచింది. 1998లో అక్కడ 15–16 ఏళ్ళ పిల్లల్లో గత నెలలో ఒళ్ళు తెలియకుండా తాగామన్నవాళ్ళు 42 శాతం. 2016కి 5 శాతం. పోస్టర్లు వేసి కాదు. 13–16 ఏళ్ళ వాళ్ళు శీతాకాలంలో రాత్రి పదికల్లా ఇంట్లో ఉండాలని నియమం పెట్టి, బడివారీగా తల్లిదండ్రులతో ఒప్పందాలు రాయించి, ఆటలకీ పాటలకీ కుటుంబాలకి రాజధాని రేక్యావిక్‌లో నగరపాలక సంస్థే డబ్బు ఇచ్చి, పిల్లలతో గడిపే మామూలు సమయం పెంచమని పెద్దాళ్ళని ఏళ్ళ తరబడి అడిగారు. ఇక్కడ మనం పిల్లాణ్ణి పదింటికి ఇంట్లో ఉండమనడానికి ముందు, రాత్రిదాకా స్టడీ హాల్లో కూర్చోబెట్టడం ఆపాలి. ఇది నేను ఎక్కడ మాట్లాడినా ‘మరి సీటు?’ అంటారు. సీటొచ్చిన పిల్లలే ఆ రూముల్లో ఉన్నారండీ.

అందుకే 10–14 మధ్యనే పట్టుకోవాలంటాను. పిల్లాడు ఇంకా రాత్రికి ఇంటికే వస్తున్న వయసు అది. మనుషుల్ని రప్పించలేం అనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెడితే అమ్మలూ నాన్నలూ వచ్చి బెంచీల మీద కూర్చున్నారు, ముగ్గుల పోటీలు కూడా జరిగాయి. ఏడాదికో పండగ బదులు ఆరు, ఏడు తరగతుల పిల్లల తల్లిదండ్రులకి ఏడు సాయంత్రాలు, గాజువాకలో ఒక బడి, ఆరిలోవలో ఒక బడి, మొదట ఆ రెండే. స్టీల్ ప్లాంటు షిఫ్టుల్ని బట్టి టైము మార్చుకోవచ్చు, ఎ షిఫ్ట్ వాడికి సాయంత్రం, బి షిఫ్ట్ వాడికి పొద్దున్న. నాన్న రాకపోతే ఆ కుటుంబానికి హాజరు పడకూడదు. నడిపించడానికి పోలీసులక్కర్లేదు. డ్వాక్రా సంఘాల్లో పుస్తకాలు రాసే ఆవిడకి, బళ్ళో పిల్లలు ఇష్టపడే ఒక టీచరుకి ట్రైనింగ్ ఇస్తే చాలు. డబ్బంటారా, 2024 మద్యం పాలసీలోనే డ్రగ్ రిహాబిలిటేషన్ కోసమని 2 శాతం సెస్ పెట్టారు. అలవాటు పడ్డవాణ్ణి బయటికి లాగడానికి దాచిన ఆ డబ్బులో కొంత, ఇంకా అలవాటు పడనివాడి ఇంటికి కూడా కేటాయించమని మన ఎమ్మెల్యేలు ఈ బడ్జెట్ సమావేశాల్లో అడుగుతారా లేదా, నాకు కావాల్సిన జవాబు అదొక్కటే.