సవరణ: ఒకే కెర్నల్, అనేక బోర్డులు

బెంగళూరులో ఎంబెడెడ్ (పరికరాల్లో ఇమిడి ఉండే చిన్న కంప్యూటర్ల) పని చేస్తున్న మనవారి కోసం రాసిన మునుపటి వ్యాసంలో, డివైస్ ట్రీ (బోర్డులో ఏ పరికరం ఎక్కడుందో తెలిపే వివరాల పట్టిక) ఉంటే ఒకే లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఆర్మ్ ప్రాసెసరున్న ఏ బోర్డు మీదైనా నడుస్తుందన్న వాక్యాన్ని ఇలా చదువుకోగలరు: ప్రాసెసర్లు ఒకే కోవకు చెందినవై, ఆయా చిప్‌ల డ్రైవర్లు (వాటిని నడిపే ప్రోగ్రాములు) కెర్నల్‌లో ముందే చేర్చి ఉంటేనే అది సాధ్యం. 32 బిట్లకూ 64 బిట్లకూ కెర్నల్‌ను విడివిడిగానే కంపైల్ చేయాలి.

2012 డిసెంబరులో వచ్చిన లినక్స్ 3.7 వెర్షన్‌కు ముందు ఆర్మ్ బోర్డుల వివరాలు చాలావరకు కెర్నల్‌లోని సీ భాషా ఫైళ్లలోనే ఉండేవి (ఆ ఫైళ్ల చిట్టడవి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు). ఇప్పుడు యూ-బూట్ (బోర్డు ఆన్ కాగానే కెర్నల్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) ఆ బోర్డుకు చెందిన డీటీబీని (కంపైల్ చేసిన డివైస్ ట్రీని) మెమరీలోకి ఎక్కించి, 32 బిట్ల ఆర్మ్‌లోనైతే దాని చిరునామాను ప్రాసెసర్‌లోని ఆర్2 రిజిస్టరులో ఉంచి కెర్నల్‌కు అప్పగిస్తుంది. డీటీబీ పరికరం ఎక్కడుందో చెబుతుందే తప్ప దాన్ని నడపదు. డీటీబీలో పరికరం రకాన్ని తెలిపే ‘కంపాటిబుల్’ విలువకు సరిపడే డ్రైవరు లేకపోతే ఆ పరికరం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది.